ముక్కలు పరిసి లెగాల

భావనపాడు,
18 ఏప్రిల్ 2018

బావకి,

ఇక్కడ అందరం కులాసా అని మొదలెట్టాలంటారు. మీ సెల్లి లచ్చనమ్మ కులాసా. కోళ్ళు కులాసా. నాకు కులాసా నేదు. అబద్దం రాయడానికి ఇన్‌లాండు కవరు దండగ.

వేట మూసి నాలుగు రోజులు. నాలుగు ఆటలు ఆడినాం, నాలుగూ నువ్వే నెగ్గినావు. పోయినేడు పాగా నీ తలకి నా సేత్తోనే సుట్టినాను. ముందటేడూ నానే సుట్టినాను. వేట మూసిన అరవయ్యొక్క రోజులూ రోజుకో ఆట, వేట తెరిసిననాడు గంగమ్మకి కొబ్బరికాయ కొట్టే ముందు ఓడినోడు గెలిసినోడి తలకి పాగా సుట్టాల. ఇసకలో సాప ఏసుకుని ఆడిన ముప్పయ్యేళ్ళూ ఎవుడికి ఎన్నిసార్లు సుట్టినామో సమానంగానే ఉండేది. నువ్వు విజయనగరంలో ఎండుసేపల కొట్టు పెట్టుకుని, ఈ ఫోను నాకు పంపి, ఇందులో ఆడదాం అన్న కాణ్ణుంచి నానే ఓడతన్నాను. ఏటిది మరి?

ఫోను మంచిదే. నా సెవులు బోటు ఇంజను తినేసింది, ఎవుడు మాటాడినా నాకు సముద్రం హోరే. ఈ పేకాటకి సెవులు అక్కర్నేదు. అదొక్కటే దీన్లో ఉన్న మంచి. మిగతాదంతా దగా. మూడు జోకర్లు పడతాయనుకున్న సోట రెండూ, మూడూ, కళావరు తొమ్మిదీ. ముక్కలు కలిపినోడి మొకం సూద్దామంటే మొకం నేదు. పొద్దున్న ఎవుడో ఊరూ పేరూ నేనోడు, కింగు అని రాసుకున్నాడు, నన్ను ఓడించి నవ్వే బొమ్మ పంపినాడు. మళ్ళీ ఆడినాను. మళ్ళీ బొమ్మ. ఏడు ఆటలు. ఏడో బొమ్మకి ఫోను ఇసిరినాను. వల కుప్ప మీద పడాల్సింది, పడవ అంచుకి తగిలింది. అద్దం మీద సాలీడు గూడు కట్టినట్టు ఉన్నాది. పగిలిన కాడే నా మంచి ముక్కలు కూకుంటన్నాయి.

సలహా అడగడం నేదు. సెప్తన్నాను, గంతే.

నీ బావమరిది
అప్పలసూరి


విజయనగరం,
26 ఏప్రిల్ 2018

ఒరే సూరీ,

ఉత్తరం అందింది. మీ అప్ప గున్నమ్మకి సదివి వినిపించాను. పడవ అంచుకి తగిలిందన్న కాడ పడీ పడీ నవ్వింది. చిన్నప్పుడు బొంగరం తిరగలేదని బావిలో పారేసినోడివంట.

అడక్కపోయినా సెప్తాను, ఒక్కేడైనా నీ తలకి నేను పాగా సుట్టాలి కదా. నీ మీద నెగ్గేది నేను కాదురా. నాలుగు గంటలకి ఫోన్లో నా కాడికి వచ్చేటప్పటికే నువ్వు ఓడిపోయి వస్తన్నావు. పొద్దున్నుంచి ఆ కింగుగాడితో కొట్లాడి, కళ్ళు ఎర్రజేసుకుని, ఆ కోపంతో నా బల్ల మీద కూకుంటన్నావు. వాడు కొట్టిన దెబ్బకి నా మీద పగ తీర్సుకోవాలని బేగి బేగి ముక్కలు పారేస్తన్నావు. నిన్న నాకు కావలసిన ఆఠీను ఆరు నువ్వే ఇచ్చినావు. ఇసకలో అయితే ఇచ్చేవోడివా?

మీ నాన్న సముద్రంలో ఏటి సెప్పేవోడు? మూడు వలలు ఖాళీగా వస్తే అది గంగమ్మ మాట, నాలుగో వల నీ పొగరు. ఒడ్డుకి తిరుగు, వల కడుగు, ఆరబెట్టు, కన్నాలు కుట్టుకో. ఖాళీ వలని తిట్టినోణ్ణి పడవ ఎక్కనిచ్చేవోడు కాదు. సముద్రం కాడ ఎరిగినోడివి, అరసేతి పలక కాడ ఏల మరిసిపోయినావు? మూడు ఓడితే ఫోను బియ్యం డబ్బాలో పెట్టెయ్యి. ఆ నవ్వే బొమ్మలు రాకుండా మూసెయ్యొచ్చు, పక్కన సెవి బొమ్మ ఉంటాది, దాన్ని నొక్కు. పడిన ముక్కలు నీ సేతిలో లేవు. ఏ ముక్క పారెయ్యాలో అదే నీ సేతిలో ఉన్నాది. ఆట అయ్యాక నెగ్గినానా అని కాదు, ఎన్ని ముక్కలు తెలివిగా పారేసినాను అని సూసుకో.

ఇంకోటి ఉన్నాది. మీ నాన్న సాప మీద పెట్టిన కట్టుబాటు: ఓడినా గెలిసినా ముక్కలు పరిసి లెగాల. మూసి లెగిసినోడు ఎదుటోణ్ణి దొంగ అన్నట్టే. నాకు ఇప్పుడు తెలస్తన్నాది అది ఏల పెట్టినాడో. పరిసిన ముక్కలు పదిమందీ సూస్తే, అయ్యో పాపం ఇయ్యా నీకు పడ్డాయి అంటారు, సగం కోపం అక్కడే పోతాది. ఫోన్లో అది లేదు. ఓడినోడి ముక్కలు మాయమైపోతాయి. కోపం మటుకు మనిషిలోనే ఉండిపోతాది.

ఉంటాను. కొట్లో ఎవురో నెత్తళ్ళు అడుగుతన్నారు.

జగన్నాధం


భావనపాడు,
5 మే 2018

బావకి,

నీ ఉపన్యాసం అందింది. ఎండుసేపలు అమ్ముకునేవోడివి బడిపంతులు అయినావు.

సెప్పినట్టు సేసినాను అనుకోకు. మీ సెల్లి సేసింది. ఉత్తరం సదివి వినిపించమని, వినీసి, మూడో ఆట ఓడిన యెంటనే ఫోను లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టీసింది. డబ్బా మీద కూకుని కూర తరుగుతన్నాది. నా ఇంట్లో నా ఫోను, నా బియ్యం. ఏటి సేస్తాను? వల కుట్టుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో కన్నం ఉన్న వల ఒకటీ నేదు. తమ్ముడు నూకయ్య వల కూడా కుట్టీసినాను. వాడు ఒంట్లో బాగోనేదా అన్నా అని అడిగినాడు.

సెవి బొమ్మ మటుకు నొక్కనేదు. కింగుగాడు నవ్వితే నవ్వనీ. నవ్వుకి బయపడి సెవులు మూసుకునేవోణ్ణి కాను, నాకు ఎలాగూ సెవుల్లేవు. వాడికి నా పేరు తెలవాల. నిన్న వాణ్ణి నిలబెట్టి ఓడించినాను. బొమ్మ పంపనేదు ఎదవ. నానూ పంపనేదు. సూసినావా, నాది మర్యాద.

ఇక మనం. నిన్నటికి ఇరవై ఆటలు: నీవి పన్నెండు, నావి ఎనిమిది. ఆఖరి ఆరింటిలో నాలుగు నావి. నీ సలహా వల్ల కాదు. నాకు సెయ్యి తిరిగింది, గంతే. పాగా గుడ్డ బయటికి తీసి ఉతికించు, బావా. పొందూరు బట్టే కావాల నాకు, నీ కొట్లో తుడిసే గుడ్డ కాదు.

అప్పని అడిగినట్టు సెప్పు.

అప్పలసూరి


విజయనగరం,
16 మే 2018

సూరీ,

ఆరు రోజులు బల్ల మీదికి రాలేదని తిట్టుకుని ఉంటావు. కొట్లో పని పడింది.

ఒక మాట. ఫోన్లో మనం ఆడే బల్లకి ముప్పై లెక్కల గడియారం, ఒక్కో ముక్క పారెయ్యడానికి ముప్పై సెకన్లే. దాని పక్కన అరవై లెక్కల బల్ల ఉన్నాది. అక్కడికి పోదాం. నిదానంగా ఆడుకుందాం, తొందర ఏటి మనకి.

ఎక్కువ రాయలేను. కలం బాగోలేదు.

జగన్నాధం


భావనపాడు,
23 మే 2018

జగన్నాధం బావకి,

బావ అని రాయాలా వద్దా అని కాసేపు ఆలోసించినాను. అప్ప మొకం సూసి రాసినాను.

ముందు నీ ఉత్తరం సంగతి. అచ్చరాలేటి అవి, పీతలు నడిసినట్టు? ఒక వాక్యం పైకి, ఒకటి కిందికి. కలం బాగోనేదంట. కలానిదా తప్పు, సీసాదా? ఈ వయసులో మళ్ళీ మొదలెట్టినావేటి? లచ్చనమ్మ ఫోన్లో అప్పతో మాటాడితే అప్ప గొంతు పూడుకుపోయిందంట. ఏటమ్మా అంటే ఏటీ నేదు అన్నాదంట. నాకు అర్దమయింది. మొగుడు తాగొస్తే ఏ ఆడదైనా అలగే మాటాడతాది.

అరవై లెక్కల బల్లంట. నానేటి సిన్న గుంటణ్ణా? నాను ఓడినంతకాలం నీకు ముప్పై లెక్కలు సాలినాయి. నాకు సెయ్యి తిరగ్గానే నీకు నిదానం కావాల్సొచ్చింది. రాను. మొదలెట్టిన బల్ల మీదే తేలాల.

ఇప్పుడు అసలు సంగతి. పదిహేనో తారీకు కాణ్ణుంచి ఎనిమిది ఆటలు అయినాయి. అందులో మూడింట్లో ఆట మద్దిలో నువ్వు లెగిసి ఎలిపోయినావు. ముక్కలు మూసి. నాను పలక సూసుకుంటా కూకున్నాను, అవతల కుర్సీ ఖాళీ. మొదటిసారి నెట్టు పోయిందేమో అనుకున్నాను. రెండోసారి కొట్లో బేరం అనుకున్నాను. మూడోసారి ఏటనుకోమంటావు? పోయిన ఉత్తరంలో మా నాన్న కట్టుబాటు నాకు పాఠం సెప్పినావు. ఆ సిరా ఆరకముందే నా మొకాన ముక్కలు మూసి లెగిసినావు. ముప్పయ్యేళ్ళలో ఆ సాప మీద అలగ లెగిసినోడు ఒకడే, వాడికి మనూర్లో తర్వాత ఎవుడూ సుట్ట నిప్పు కూడా ఇవ్వనేదు. అది నీకూ ఎరికే.

నన్ను దొంగ అనాలంటే ఉత్తరంలో రాయి. సదువుతాను.

అప్పలసూరి


విజయనగరం,
28 మే 2018

సూరీ,

నేను లెగలేదు. గడియారం లేపింది. మూడుసార్లు దాటితే అదే బల్ల మీంచి దింపేస్తాది, ముక్కలు అదే మాయం సేస్తాది. నిన్ను దొంగ అన్నోడు ఎవుడూ లేడు.

తాగలేదు. మీ అప్ప మీద ఒట్టు.

నాకు లెక్క సాలడం లేదు. ఏల సాలడం లేదని అడగకు. నువ్వు బల్ల మారనన్నావు, మంచిది, మారొద్దు. జూన్ పద్నాలుగు దాకా ఈ బల్ల మీదే ఆడతాను. గడియారం దింపితే దింపనీ, మర్నాడు మళ్ళీ ఎక్కుతాను. నువ్వు ఫోను ఇసిరినోడివి. నేను ఇసరలేదు, ఇసరను.

జగన్నాధం


భావనపాడు,
2 జూన్ 2018

జగన్నాధానికి,

ఇందాక నాలుగింటి ఆటలో మళ్ళీ ఎలిపోయినావు. ఇది అయిదోసారి. ముక్కలు మూసే.

గడియారం లేపిందంట. నాకూ అదే గడియారం. ఈ డెబ్బయ్యేళ్ళ కళ్ళతో, పగిలిన అద్దం మీద, ముప్పై లెక్కల్లో పది లెక్కలు మిగులుతన్నాయి నాకు. నువ్వు నాకన్నా రెండేళ్ళే పెద్ద. ఏల సాలదో సెప్పవు. అడగొద్దంటావు. అడగొద్దన్న మాట ఎవుడు అంటాడు? సేసిన పని సెప్పుకోలేనోడు అంటాడు.

సూడు, నాను ఫోను ఇసరనేదు. ఈసారి కోపం మూడు ఖాళీ వలలకి వచ్చినది కాదు, అయినా ఇసరనేదు. సాప మీద బోర్లా పెట్టినాను. ఒడ్డంట ఆ సివర దాకా నడిసినాను, ఈ సివరికి వచ్చినాను. మళ్ళీ నడిసినాను. మూడోసారి వచ్చి ఈ ఉత్తరం రాస్తన్నాను. అంచేత ఇది ఆవేశం అనుకోకు. సల్లారిన మాట ఇది.

నలబైమూడు ఆటలు. నావి ఇరవైనాలుగు, నీవి పందొమ్మిది. ఇక ఆడను. నీ పేరు ఫోన్లోంచి తీయించీసినాను. పదిహేనున నువ్వు రానక్కర్నేదు. పాగా నానే సుట్టుకుంటాను. నా తల నాకు అందుతాది.

అప్ప రావాలంటే వస్తాది, అది దాని పుట్టిల్లు.

అప్పలసూరి


విజయనగరం,
7 జూన్ 2018

ఒరే సూరీ,

ఈ ఉత్తరానికి రెండు రోజులు పట్టింది. ఎడం సేత్తో రాస్తన్నాను.

మే తొమ్మిదిన పొద్దున్న కొట్టు తెరిసి, తాళం కప్ప సేతిలో పట్టుకుని కూలబడిపోయినాను. కుడి పక్క పడిపోయింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. మాట వచ్చింది, కాలు కర్ర సాయంతో నడస్తన్నాది. సెయ్యి మటుకు నాది కాదన్నట్టు ఒళ్ళో పడి ఉంటాది. డాక్టరు రబ్బరు బంతి ఇచ్చినాడు, నొక్కమని. అది నన్ను సూసి నవ్వుతన్నట్టు ఉంటాది, నీ కింగుగాడి బొమ్మలాగ. మూడుసార్లు నొక్కి, నొక్కుడు పడకపోతే పక్కన పెట్టి, మళ్ళీ సాయంత్రం నొక్కుతన్నాను. నీకు సెప్పిన సలహా నేనే తింటన్నాను. సేదుగానే ఉన్నాది.

మీ అప్ప సేత ఒట్టు పెట్టించినాను, నీకు సెప్పకూడదని. పాపం అది ఫోన్లో గొంతు దిగమింగుకుంటే నువ్వు దానికి తాగుబోతు మొగుణ్ణి అంటగట్టినావు.

ఏల సెప్పలేదంటావు. సెప్తే నువ్వు ఓడిపోతావు. నాకు తెలీదా నువ్వు? కావాలని ఆఠీను ఆరు నా ముందు పడేస్తావు, కావాలని జోకరు పారేస్తావు. జూన్ పదిహేనున నా తలకి పాగా సుట్టి పక్కకి తిరిగి కళ్ళు తుడుసుకుంటావు. ఆ పాగా నాకొద్దురా. ఈ నెల రోజుల్లో అందరూ నాకు అన్నం కలిపి పెడతన్నారు, బొత్తాం పెడతన్నారు, మెల్లగా మాటాడతన్నారు. నాలుగు గంటలకి నువ్వొక్కడివే నన్ను ఓడించడానికి వచ్చేవోడివి. దాని కోసం పొద్దున్నుంచి కాసుక్కూకునేవోణ్ణి. తిట్టినా బాగుండేది.

మూసి లెగిసినాను అన్నావు. అది మటుకు పడను. రెండో తారీకు ఆట ముక్కలు ఇగో, నీ ముందు పరుస్తన్నాను. మీ అప్ప కూడా పక్కన కూకుని సూసింది, అబద్దమైతే అడుగు.

ఆఠీను నాలుగు, అయిదు, ఆరు.
ఇస్పేటు తొమ్మిది, పది, జాకీ, రాణి.
రాజులు మూడు: కళావరు, డైమను, ఇస్పేటు.
డైమను రెండు, మూడు, నాలుగు.

పదమూడూ పడ్డాయి. జోకరు ఒక్కటీ లేకండా. పద్నాలుగోది కళావరు ఏడు. దాన్ని లాగి అవతల పెట్టేస్తే ఆట అయిపోయినట్టే. ఎడం ఏలితో లాగుతన్నాను, సగం దాకా వస్తాది, జారి ఎనక్కి పోతాది. మళ్ళీ లాగినాను. మళ్ళీ జారింది. గడియారం దింపేసింది.

ఆ పూట మొదటిసారి ఫోను ఇసరాలనిపించింది. ఇసరడానికి కూడా సెయ్యి లేదు. నవ్వొచ్చింది.

పరిసినాను. ఇప్పుడు లెగుస్తన్నాను.

జగన్నాధం


భావనపాడు,
11 జూన్ 2018

బావకి,

కూకో. ఎవుడు లెగమన్నాడు నిన్ను?

ఉత్తరం సదివినాను. లచ్చనమ్మకి వినిపించబోతే డైమను నాలుగు కాడ కాగితం దాని సేతిలో పెట్టీసినాను, అదే కూడబలుక్కుని సదువుకుంది. తప్పు నాదని రాస్తాననుకుంటన్నావేమో. రాయను. ముప్పయ్యేళ్ళు సాప మీద నీ ఎదురుగా కూకున్న బావమరిదికి నీ సెయ్యి పడిపోయిన సంగతి దాసినావు. తప్పు నీది. నూటికి నూరు పాళ్ళు నీది. ఈ కోపానికి మూడు వలల లెక్క నేదు, నాను సచ్చిందాకా ఉంచుకుంటాను. తాగినావన్న మాట మటుకు ఎనక్కి తీసుకుంటన్నాను. అది అప్ప కోసం.

ఓడిపోతాననుకున్నావా నీ కోసం? సెయ్యి పడిపోయినోడని ఆఠీను ఆరు పడేస్తానా? ఇంకా గట్టిగా ఆడతాను. నీకు ఒక సెయ్యి ఉన్నాది. నాకు సెవుల్లేవు. ఇద్దరం సమానమే. జాలి కావాలంటే ఆసుపత్రికి పో, నా సాప మీద అది దొరకదు.

లెక్క సూసుకో. నావి ఇరవైనాలుగు అని రాసినాను. అందులో అయిదు గడియారం నెగ్గినవి. గడియారానికి తల నేదు పాగా సుట్టడానికి. ఆ అయిదూ కొట్టీ. నావి పందొమ్మిది, నీవి పందొమ్మిది. ఇప్పుడు నువ్వు పరిసిన ఆట. ముక్కలు సూసినాను, రెండుసార్లు ఇసకలో ఏసి సూసినాను. పడింది. అది నీదే. నీవి ఇరవై. అంటే నువ్వు ఒక ఆట ముందున్నావు, ఇలగే వదిలి ఒగ్గీమంటావా?

అరవై లెక్కల బల్ల అడిగినావు, రానన్నాను. ఇప్పుడూ రాను. ఫోను బియ్యం డబ్బాలో ఏసి మూత పెట్టీసినాను. అసలు ముక్కలు తీసినాను, ఇసకలో ఆడినవే, ఇస్పేటు ఆసు మూల సుట్ట నిప్పుకి కాలినాది ఉన్నాది సూడు, ఆ కట్టే.

పదిహేనో తారీకు వేట తెరుస్తారు. పడవకి కొబ్బరికాయ నూకయ్య కొడతాడు. నలబయ్యేళ్ళలో మొదటిసారి నాను కొట్టనన్నానని వాడు మళ్ళీ ఒంట్లో బాగోనేదా అన్నాడు. వాడికేం తెలుసు. నాను మొదటి బస్సెక్కి విజయనగరం వస్తన్నాను. సాప నాదే తెస్తన్నాను, మీ పట్నం సాపల మీద నా నడుం నిలవదు.

ఇంకోటి తెస్తన్నాను. మన పాత పడవ అడుగు సెక్క ఉన్నాది కదా, అది కోసి, మూరెడు పొడుగున రంపంతో గాడి తీసినాను. అందులో పదమూడు ముక్కలూ నిలబడతాయి, నువ్వు ఒక సేత్తో తీసుకోవచ్చు. మూడు రోజులు పట్టింది. మొదటి రెండూ వంకర పోయినాయి, ఇసరనేదు, పొయ్యిలో ఎట్టినాను. ఇది జాలి అనుకుంటే నీ మొకాన కొడతాను. ఒక సేత్తో పట్టుకుంటే నీ ముక్కలు జారి నాకు కనపడతాయి, కనపడిన ముక్కల మీద నెగ్గితే అది నెగ్గడం కాదు. అందుకు సేసినాను.

పొందూరు గుడ్డ కొత్తది నానే కొని సంచిలో పెట్టినాను. ఎవుడి తలకో ఆట సెప్తాది. నీ తలకైతే రెండు సేతుల్తో సుట్టుతాను. నా తలకైతే నువ్వు ఒక సేత్తో సుట్టాల, వదులుగా వస్తే ఊరుకోను, మళ్ళీ సుట్టిస్తాను, ఎన్నిసార్లయినా.

ఒక ముక్క పారెయ్యడానికి నీకు ఎంతసేపు కావాలో అంతసేపు తీసుకో. పొద్దెక్కనీ, పొద్దు కుంకనీ. నాను సుట్ట కాల్సుకుంటా కూకుంటాను. నిన్ను లేపే గడియారం ఆ గదిలో ఉండకూడదని అప్పకి సెప్పు, గోడ మీద ఉంటే తీసీమను.

కొత్తగా కలిపి పంచుతాను. నువ్వు కోసుకో, ఎడం సేత్తోనే.

నీ బావమరిది
అప్పలసూరి